జానెడు పాపిట

ఉలవ తొలిపూత

మాకు తిండి పంపే గాజు ఊరివాళ్ళు ఈ దినచర్యకు తేదీ వెయ్యమని పదేపదే చెబుతారు. వాళ్ళకేం, నెత్తిన గాజు కప్పు, గోడకు గడియారం. ఇక్కడ పొద్దు పొడిచి గుంకేలోపు మనిషి మూడుసార్లు పడుకుని లేస్తాడు. ఇంక తేదీ ఎక్కడినుంచి తేను? చేను ఏం చేస్తుంటే అదే మా తేదీ. ఈవేళ ఉలవ తొలిపూత పూసింది, అదే వేశాను.

రాస్తున్నది ఎగువ పల్లె చెవి, హనుమక్క. చెవి అంటే ఇక్కడ ఒక కొలువు. నేలలో కడ్డీ గుచ్చి, దాని తీగ చెవికి తగిలించుకుని, నేల ఏమంటోందో విని ఊరికి చెప్పాలి. నాకు ముందు మా అక్క ఎల్లక్క చేసేది. పోతూ పోతూ ఏమైనా నగ పెట్టి పోతుందనుకుంటే ఈ కడ్డీ నా చేతిలో పెట్టి పోయింది.

నేల ఊరికే ఉండదు. పైన పచ్చగా కప్పి ఉన్నంతసేపూ లోపల సన్నగా పలుకుతూనే ఉంటుంది. పక్కింట్లో ఎవరో చేటతో చెరుగుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. వింటూ కూర్చుంటే కళ్ళు వాలిపోతాయి. చెవి కొలువులో ఉన్నవాళ్ళు సగం నిద్రలోనే బతుకుతారని మా ఊళ్ళో వేళాకోళం. అందులో అబద్ధం లేదు.

తూర్పు గట్టు దగ్గర మా అక్కను నేలలో పెట్టాం. ఇక్కడ అందరినీ చేలోనే పెడతాం. అమ్మ లోకం విడిచి తొలితరం వచ్చినప్పుడు ఇది ఒట్టి రాయి, ఈ మన్నంతా పోయిన మనవాళ్ళతో చేసుకున్నది. అక్కను పెట్టినచోట చప్పుడు వేరుగా, గొణుగుడులా ఉంటుంది. బతికినన్నాళ్ళూ ఆమె గొణిగింది అట్లాగే. రోజూ మొదటి నిద్ర లేవగానే వెళ్ళి ఆమె చెప్పేది వింటాను. అర్థం కాదు. బతికున్నప్పుడు మాత్రం అర్థమైందా.

పూత నిండుగా

చేనంతా పసుపు. ఉలవ, జనుము, పిల్లిపెసర కలిపి చల్లిన కప్పు ఇది. మేం దుప్పటి అంటాం. ఊదారంగు వెలుగులో ఆ పసుపును చూస్తూ నిలబడితే ఏ పనికి వచ్చామో మరిచిపోతాం.

దుప్పటి లేకుండా ఇక్కడ నేల నిలవదు. గాలికి మొహమాటం తెలియదు, ఒట్టి మన్ను కనబడితే ఎత్తుకుపోతుంది. దిగువ పల్లెవాళ్ళు ఒకప్పుడు చేనంతా దున్నారు. ఒక్క గాలికి మన్నంతా లేచి, ఆకాశంలో కొన్నాళ్ళు ఎర్రగా వేలాడి, ఎటో పోయింది. ఇప్పుడక్కడ రాయి మిగిలింది. మనుషులు గాజు ఊరు చేరారు.

అందుకే మేం దున్నం, పాపిట తీస్తాం. ఒత్తయిన జుట్టులో పాపిట తీసినట్టు దుప్పటి నడుమ సన్నని గీతలు తీసి, ఆ గీతల్లోనే జొన్న విత్తుతాం. గీతకూ గీతకూ మధ్య నేల కప్పుకునే ఉంటుంది. పాపిట తీసేది మా ఆయన కంబగిరి. తెరచాప బండికి వెనక నాగలి కట్టి, గాలి మెల్లగా లాగుతుంటే, మేడి పట్టుకుని నడుస్తాడు. ఆయన చెయ్యి వెన్న అని ఊరంతా అంటుంది. ఇంట్లో గిన్నె దించమంటే మాత్రం ఆ వెన్న ఎక్కడికో కరిగిపోతుంది.

ఇక్కడొక ఆచారం చెప్పాలి. ఇనుము తగలగానే ఆ గీతలో నేల పలకడం మానేస్తుంది. మన్నులో మనవాళ్ళే ఉన్నారు కాబట్టి తొలితరం వాళ్ళు ఆ మౌనాన్ని చావు కింద లెక్కగట్టి మైల పట్టారు. గీత మళ్ళీ పలికిందని చెవి చెప్పేదాకా ఊళ్ళో పొయ్యి వెలగరాదు. నానబెట్టిన ఉలవలు నమిలి బతకాలి. మైల ఎవరికి ఇష్టం? అందుకని ఏటా కంబగిరి నాగలి కర్రును రాతిమీద అరగదీస్తూ వచ్చాడు. గీత ఎంత సన్నగా ఉంటే పక్కల వేళ్ళు అంత తొందరగా కమ్ముకుంటాయి, నేల అంత తొందరగా పలుకుతుంది. ఇప్పుడు మా పాపిట రెండు వేళ్ళ వెడల్పు. ఈవేళ తీశాం, ఒక్క నిద్రకే పలికింది. పొయ్యిలు వెలిగించి అందరం ఆయన చేతిని మెచ్చుకున్నాం. మొదటి కుండ విత్తనం వేసేశాం.

అక్క ఉన్నచోటికి రాగానే కంబగిరి ఎప్పటిలాగే మేడి నొక్కి కర్రు పైకి లేపి దాటించాడు. నాకోసమే చేస్తాడు.

మొలక

మొలక వచ్చింది. పాలిపోయి, సన్నగా, పోయినసారి లాగే ఉంది, అంతకుముందుసారి లాగే ఉంది.

రెండు పంటలు ఇట్లాగే పోయాయి. గాజు ఊరి కబురు సూటిగా ఉంది. మూడో పంట కూడా పోతే బండ్లు పంపుతారు, పల్లె ఎత్తేయాలి. వాళ్ళ తప్పేం లేదు, ఎన్నాళ్ళని తిండి పంపుతారు. కాని అక్కడ నేల లేదు, కాళ్ళ కింద రాతి పలకలున్నాయి. పలకల్లో కడ్డీ గుచ్చి ఏం వినాలి? మా అక్కను ఇక్కడ ఒంటరిగా వదిలి ఆ గాజు కింద ఎట్లా నిద్రపోవాలి? నాకు భయంగా ఉంది. ఈ ముక్క దినచర్యలో ఉండకూడదంటే చదివేవాళ్ళే కొట్టేసుకోండి.

పొరుగింటి సుంకులు చంటిబిడ్డను ఎత్తుకుని చేలోకి వచ్చింది. అంబలి పలచబడ్డప్పటినుంచి ఆమెకు పాలు సరిగా పడటం లేదు.

“అక్కా, ఈ తూరన్నా పచ్చగ వస్తాదా?” అంది.

“వస్తాదిలే,” అన్నాను. చెవి కొలువులో ఉన్నదాన్ని, విననిది విన్నట్టు చెప్పడం అదే మొదలు.

మొలక వాలింది

కడ్డీ తీసుకుని పాపిటలో గుచ్చి విన్నాను. లోపల హాయిగా పలుకుతోంది. ఇంత పలుకుతున్న నేలలో జొన్న ఎందుకు వాలిపోతోంది? కడ్డీ పక్కన పెట్టి చేత్తో తవ్వాను. అటునుంచి ఉలవ వేళ్ళు, ఇటునుంచి జనుము వేళ్ళు గీత కింద కలుసుకుని చాప అల్లేసుకున్నాయి. ఉన్న తడంతా అవే తాగుతున్నాయి. పైన పూత నీడకు మన్ను చల్లగా ఉంది. జొన్న గింజ పాపం పెళ్ళిపందిట్లో తప్పిపోయిన బిడ్డలా మధ్యలో నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ నేల పలికిందని మురిసిపోయామే, ఆ పలుకు మా పంటను తాగేస్తున్న వేళ్ళది.

తిరిగి వస్తుంటే పడమటి కొసన ఒకచోట కోసిన జనుము కట్టలు గీతకు రెండు పక్కలా అడ్డంగా పేర్చి ఉన్నాయి. తొలగించబోతే కంబగిరి పరుగున వచ్చాడు.

“ఆడ చూడొద్దే. నాకు సిగ్గయితాది.”

“ఏముండాది ఆడ?”

“పాపిట తీస్తాంటే తుమ్మొచ్చినాది. చెయ్యి అదిరి కర్రు పక్కకు పాయె. సరిజేద్దామని బండి ఎనక్కి తిప్పి ఇంగో తూరి లాగితే జానెడు ఎడల్పాయె. ఎవురన్నా చూస్తే నవ్వుతారని ఆ పక్కా ఈ పక్కా కట్టలు అడ్డం పెట్టినా.”

తుమ్మితే ఆగి నీళ్ళు తాగి మొదలుపెట్టాలని పసిపిల్లలకు కూడా తెలుసు. ఈయన ఆగలేదు. నేను కట్టలు ఒక్కొక్కటే తీశాను. ఆ జానెడు గీతలో జొన్న చిక్కటి ఆకుపచ్చగా, నా పిడికిలి ఎత్తున నిలబడి ఉంది. ఇద్దరం అక్కడే చతికిలబడ్డాం. ముట్టుకుంటే మన్ను వెచ్చగా ఉంది. పక్కన కట్టల కింద తడి ఆరలేదు.

“మామా, నీ చెయ్యి వెన్న గాదు, నీ తుమ్ము వెన్న,” అన్నాను. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పూత ముదురుతోంది

ఊరందరం చేనిగట్టున కూర్చున్నాం. మిగిలింది ఒక్క కుండ విత్తనం. ఇది కూడా పోతే విత్తుకోవడానికి ఏమీ ఉండదు.

సుంకులు మొగుడు లాలెప్పకు ఓపిక తక్కువ. లేచి నిలబడ్డాడు.

“వదినా, జానెడు మూరెడు అని కొలతలేల? చేనంతా దున్నేద్దాం. అమ్మ లోకంలో మనోళ్ళు అట్లనే దున్నినారంట.”

“దిగువ పల్లోళ్ళు గూడా అట్లనే దున్నినారు. యాడుండారు ఇప్పుడు?” అన్నాను.

లాలెప్ప కూర్చున్నాడు. కంబగిరి తల ఎత్తకుండా అన్నాడు. “జానెడు తీస్తే నేల ఎన్నాళ్ళు పలకకుండా ఉంటాదో ఎవురికి తెలుసు? అసలుకే పలకదేమో. అన్ని గీతలూ సంపినోణ్ణి నేనే అయితా గదా.”

మెత్తని మనిషి. ఆ మెత్తదనం వల్లే రెండు వేళ్ళ దాకా వచ్చాం. ఒక్క ఆయన్ననేదేముంది, ఊరంతా మెత్తదనమే. అతి ప్రేమతో బిడ్డను దుప్పట్లో చుట్టి ఊపిరాడకుండా చేసినవాళ్ళం మేం.

నేను చెప్పాల్సింది చెప్పాను. పాపిట జానెడు తీయాలి. పూత మీద ఉండగానే గీతల మధ్య దుప్పటిని దుంగతో దొర్లించి పడుకోబెట్టాలి. అప్పుడది తడి తాగడం మానేస్తుంది, ఎండి చాపలా నేలను పట్టుకుంటుంది, గాలికి మన్ను దొరకదు. జొన్నకు జానెడు ఎండ, జానెడు చోటు. దున్నేదీ ఉంది, కప్పేదీ ఉంది. రెండూ కలిస్తేనే తిండి.

గాలికి పూలు అటూ ఇటూ ఊగుతున్నాయి. చివరికి సుంకులే అడిగింది.

“ఎల్లక్క ఉండేకాడ గూడానా అక్కా?”

అందరూ నావైపు చూశారు. వద్దని ఒక్క మాట అంటే ఆ చోటు వదిలేసేవారు. ఆ గీత తూర్పు గట్టంతా పోతుంది, అక్కకోసం దుప్పటి నిలబెడితే ఆ వేళ్ళు చుట్టూ పాకుతాయి. ఒకరికి అక్క, ఇంకొకరికి తాత. అందరూ ఒక్కో చోటు అడుగుతారు. అడగడం న్యాయమే. అప్పుడు పాపిట ఎక్కడ తీస్తాం?

“ఆడ గూడా,” అన్నాను.

దుప్పటి పడుకున్న పొద్దు

ముందు దుంగ దొర్లించాం. పసుపంతా మెల్లగా ఒరిగి నేలకు ఆనింది. పూలు కాళ్ళకు అంటుకున్నాయి. చేను ఇంత వెడల్పుందని నాకు ఇప్పుడే తెలిసింది, ఎక్కడో కలలో నడుస్తున్నట్టుంది.

తర్వాత కంబగిరి తెరచాప ఎత్తాడు. పాత గీత మీదే ఒకసారి పోయాడు. చివరిదాకా పోయి, ఎప్పుడూ చేయని పని చేశాడు. బండి తిప్పి అదే గీత పక్కన తిరిగి వచ్చాడు. గట్టు మీద ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. తూర్పు గట్టు దగ్గర ఆయన చేతులు అలవాటుగా మేడి నొక్కబోవడం చూశాను. దగ్గరికి పోయి ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. కర్రు లేవలేదు. ఇద్దరం కలిసే దాటాం.

విత్తనం వేశాక కడ్డీ గుచ్చాను. ఏమీ లేదు. ఇన్నేళ్ళలో అంత ఖాళీ నేను వినలేదు. ఊరు పొయ్యిలు ఆర్పుకుంది.

ఎండుతున్న దుప్పటి

నేల పలకలేదు. నిద్రలు గడుస్తున్నాయి. గీతల్లో పలకలేదు, అటూ ఇటూ ఎండుతున్న దుప్పటి కింద కూడా పలుకు తగ్గింది. ఊళ్ళో నానబెట్టిన ఉలవలు తప్ప ఏమీ లేవు. పిల్లలకు కడుపులు నొస్తున్నాయి. సుంకులు బిడ్డ ఏడుపు ఇంత ఊరికీ వినబడుతోంది, దానికి కడ్డీ అక్కర్లేదు.

లాలెప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ గొంతెత్తే మనిషి గుసగుసగా మాట్లాడాడు.

“వదినా, ఇనపడిందని చెప్పు. ఎవురికి తెలుస్తాది? మా ఇంటామె ఇంత వేడి అంబలి తాగితే బిడ్డకు పాలు పడతాయి.”

“నాకు తెలుస్తాది గదప్పా.”

“నీకు తెలిసేది పెద్దదా, బిడ్డ పెద్దదా?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకసారి చెవి అబద్ధమాడితే ఇంక ఏ చెవిని ఎవరు నమ్ముతారు? నిజం చెబితే పలికేదాకా బిడ్డ ఆగుతుందా? లాలెప్ప నన్ను తిట్టి పోయినా బాగుండేది. బిడ్డ ఏడుపు వినబడుతున్న వైపు నడిచి పోయాడు.

మౌనంలో మొలక

లేచి నేరుగా తూర్పు గట్టుకు వెళ్ళాను. పలకని ఆ గీత పొడవునా జొన్న మొలిచి ఉంది. పచ్చగా, దిట్టంగా, ఆకు అంచున నీటిబొట్టుతో ఉంది. రాత్రి వీచిన గాలికి పిడికెడు మన్ను కూడా కదల్లేదు, పడుకున్న దుప్పటి దాన్ని గట్టిగా పట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని నవ్వాను.

తర్వాత కడ్డీ గుచ్చాను. అక్క గొణుగుతుందేమోనని చాలాసేపు విన్నాను. చేత్తో కొంచెం తవ్వి చూశాను. నల్లని మెత్తని మన్నులో తెగిన ఉలవ వేళ్ళు ఎండిపోయి ఉన్నాయి, లావుపాటివి, ఒకదాన్నొకటి పెనవేసుకున్నవి. మిగతా చేలో ఎక్కడా ఇంత లావు లేవు. మేం ఎప్పుడూ కర్రు లేపి దాటించిన చోటు కదా, ఎన్నో పంటలుగా తెగకుండా అల్లుకుంటూ వచ్చాయి. అందుకే అక్కడి చప్పుడు వేరుగా ఉండేది.

నేను ఇన్నాళ్ళూ విన్నది ఉలవ వేళ్ళను. మా అక్కను కాదు.

ఎల్లక్క చచ్చిపోయింది. ఈ మాట నేను ఎక్కడా రాయలేదు. ఆమెను నేలలో పెట్టిన పొద్దున గుంట పక్కనే కడ్డీ గుచ్చి, గొణుగుడు విని, అక్క ఇక్కడే ఉందని అందరికీ చెప్పి, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి వండుకుని తిన్నాను. రెండు వేళ్ళ గీతకు మైల పట్టిన ఊళ్ళో మా అక్కకు ఎవరూ మైల పట్టలేదు. పట్టనివ్వలేదు నేను.

అక్కడే ఏడ్చాను. ఎంతసేపో తెలియదు, ఎవరో బండి తెరచాప దించుతున్న చప్పుడుకు లేచాను.

అదే పొద్దు, ఇంకో నిద్ర తర్వాత

ఊరిని గట్టు దగ్గరికి పిలిచి చెప్పాను. చెప్పినమాట ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఇకమీద చెవిగా వచ్చేవాళ్ళు ఇదే చెప్పాల్సి ఉంటుంది.

“నేల పలకల్యా. పలికిందని నేను చెప్పను. కాని పాపిట సావలేదు, సూడండి మొలక. అది గమ్మునుండేది గింజకు చోటిచ్చేదానికి. మైల మనుషులకు పట్టండి, గీతలకు వద్దు. పోయి పొయ్యిలు ఎలిగించుకోండి.”

ఎవరూ కదల్లేదు. కంబగిరి నావైపు చూశాడు. సుంకులు మాత్రం బిడ్డను భుజానికి మార్చుకుని ఇంటివైపు నడిచింది. కొంతసేపటికి ఆమె ఇంటి మీద పొగ లేచింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఊరి మీద ఆ పొగలన్నీ కలిసి ఊదారంగు వెలుగులో మెల్లగా సాగిపోతుంటే గట్టు మీదనుంచి చూశాను.

నేను ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు. బూడిద తీసి ఊడ్చి, గడపలో కూర్చున్నాను. కంబగిరి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మనింట్లో పొగ ల్యాదే?”

“మా అక్క పోయినాది,” అన్నాను.

ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మైల ఇంటికి ఇరుగుపొరుగు తిండి తేవాలని తొలితరం వాళ్ళ మాటల్లో వినడమే. మా ఊళ్ళో ఆ అవసరం ఎన్నడూ పడలేదు, మైల వస్తే అందరికీ వచ్చేది, పొయ్యి ఉన్నవాళ్ళంటూ మిగిలేవాళ్ళు కాదు. అందుకే సుంకులు ముంత పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చినప్పుడు ఎట్లా ఇవ్వాలో ఆమెకు తెలియలేదు, ఎట్లా తీసుకోవాలో నాకు తెలియలేదు. బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. చివరికి ముంత గడప మీద పెట్టి నా ఎదురుగా చతికిలబడింది.

“తాగక్కా, చల్లారిపోతాది.”

వేడి అంబలి. ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. గుక్క గుక్కకూ ఏడుస్తూ ముంత ఖాళీ చేశాను.